బ్రెజిల్ భూమిలేని వాళ్ళ ఉద్యమం (ఎంఎస్‌టీ): భూమి వచ్చాక బతుకు ఎలా మారింది? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక కుటుంబానికి అప్పట్లో రెండెకరాల అసైన్డ్ భూమి వచ్చింది. ఆ పట్టా కాగితాన్ని ఇంటావిడ ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్య దాచుకుంది, చిన్నప్పుడు నేను చూశాను కూడా, మడత పెట్టినచోటల్లా చిరుగుపట్టి ఉండేది. కానీ బోరు లేదు, ఎడ్లు లేవు, బ్యాంకు లోను రాలేదు, కూతురి పెళ్ళి ఖర్చుకి సాదా బైనామా మీద ఆ భూమి చేతులు మారిపోయింది, తర్వాత అదే చేలోకి ఆవిడ కలుపు కూలికి వెళ్ళేది. అప్పట్నుంచి నాకు ఒకటే ప్రశ్న, భూమి చేతికొచ్చాక అది చేతిలోనే నిలవాలంటే ఇంకా ఏం కావాలి అని. నేను చదివినంతలో దీనికి బాగా దగ్గరగా వచ్చే సమాధానం బ్రెజిల్‌లో దొరికింది. ఫ్రెండ్స్ నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నా.

అసలు ఎంఎస్‌టీ అంటే ఎవరు?

పోర్చుగీసు భాషలో "సెం తెర్రా" అంటే భూమి లేనివాళ్ళు అని. భూమిలేని గ్రామీణ కార్మికుల ఉద్యమం అనేది పూర్తి పేరు, పొట్టిగా ఎంఎస్‌టీ. 1984 జనవరిలో పరానా రాష్ట్రంలో కస్కవెల్ అనే ఊళ్ళో జరిగిన మీటింగులో పుట్టింది. అప్పటికింకా సైనిక పాలనే నడుస్తోంది, 1964 నుంచి 1985 దాకా అదే. నిజానికి పని అంతకుముందే మొదలైంది, 1979 సెప్టెంబర్ 7న, అంటే వాళ్ళ స్వాతంత్ర్య దినం రోజే, దక్షిణాన ఉన్న రియో గ్రాండే దో సూల్ రాష్ట్రంలో మకాలి అనే ఎస్టేట్‌లోకి కొన్ని కుటుంబాలు వెళ్ళి కూర్చున్నాయి. ఆ టైములో దక్షిణ బ్రెజిల్‌లో సోయా సాగు, ట్రాక్టర్లు వచ్చి కౌలుదార్లకీ కూలీలకీ పని పోయింది, ఇటైపు డ్యామ్ కింద ఇంకొన్ని వేల కుటుంబాల భూములు మునిగిపోయాయి. వీళ్ళకి మొదట అండగా నిలిచింది చర్చి వాళ్ళు, 1975లో పెట్టిన భూమి కమిషన్ ద్వారా ఊరూరా తిరిగి జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. ఈరోజు ఎంఎస్‌టీ 24 రాష్ట్రాల్లో ఉంది, సుమారు నాలుగున్నర లక్షల కుటుంబాలకి భూమి దక్కిందని వాళ్ళ లెక్క.

అంత పెద్ద దేశం కదా, భూమి లేకపోవడం ఏంటి?

చాలామంది మొదట అడిగేది ఇదే. భూమి బోలెడంత ఉంది, ఉన్నది కొద్దిమంది చేతుల్లో. 2017 వ్యవసాయ సెన్సస్ ప్రకారం వెయ్యి హెక్టార్లు దాటిన ఎస్టేట్లు మొత్తంలో 1 శాతమే, కానీ వ్యవసాయ కమతాల మొత్తం విస్తీర్ణంలో దాదాపు 47 శాతం వాటిదే. దీని వేరు చాలా లోతుకి వెళ్తుంది. 1850లో ఒక చట్టం తెచ్చారు, ఇకమీదట ప్రభుత్వ భూమి కావాలంటే డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే అని. సరిగ్గా 38 ఏళ్ళకి, 1888లో, బానిసత్వం రద్దయింది. లక్షల మంది స్వేచ్ఛగా బయటికొచ్చారు గానీ కాలు పెట్టడానికి గజం నేల లేదు, కొనడానికి పైసా లేదు. మళ్ళీ ఆ ఎస్టేటుకే కూలికి.

ఇంకొకటి దొంగ కాగితాలు. పోర్చుగీసులో దీనికి "గ్రిలాజెం" అని పేరు, గ్రిలో అంటే కీచురాయి. కొత్తగా రాసిన దస్తావేజుని కీచురాళ్ళున్న సొరుగులో పడేసేవాళ్ళట, కొన్నాళ్ళకి ఆ పురుగుల మురికికి కాగితం పచ్చబడి, అంచులు కొరుక్కుపోయి, వందేళ్ళ నాటి పాత దస్తావేజులా తయారయ్యేది. రికార్డులు తారుమారు చేయడం చూసిన మన జనానికి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

వేరేవాళ్ళ భూమిలోకి వెళ్ళి కూర్చోవడం కబ్జా కాదా?

నాకూ మొదట ఇదే డౌటు. 1988 బ్రెజిల్ రాజ్యాంగంలో భూమికి "సామాజిక బాధ్యత" ఉండాలని రాసి ఉంది. అంటే భూమిని సరిగ్గా సాగు చేయాలి, పర్యావరణం కాపాడాలి, కూలీల చట్టాలు పాటించాలి. ఇవి జరగని పెద్ద ఎస్టేట్‌ని కేంద్ర ప్రభుత్వం సేకరించి భూసంస్కరణకి ఇవ్వొచ్చని 184వ ఆర్టికల్ చెప్తుంది. ఓనరుకి పరిహారం కూడా ఇస్తారు, భూమికి 20 ఏళ్ళ దాకా తీర్చే బాండ్లు, కట్టడాల్లాంటి వాటికి క్యాష్. సాగులో ఉన్న భూమినీ చిన్న, మధ్యతరహా రైతుల భూమినీ ముట్టుకోకూడదు అని పక్క ఆర్టికల్లోనే ఉంది. ఈ పని చేయాల్సిన ప్రభుత్వ సంస్థ పేరు ఇంక్రా, 1970లో పెట్టారు.

అయితే రాజ్యాంగంలో ఉన్నంత మాత్రాన ఫైలు కదలదు కదా, ఎవరో వెళ్ళి కూర్చుంటేనే ఇంక్రా అధికారి వచ్చి ఆ భూమి ఖాళీగా ఉందా సాగులో ఉందా అని చూస్తాడు, అందుకే ఎంఎస్‌టీ ఆక్రమణ అనే దారి పట్టింది. వాళ్ళ పాత నినాదం కూడా అదే: ఆక్రమించు, నిలబడు, పండించు. 2000 ప్రాంతంలో ప్రభుత్వం దీనికి విరుగుడుగా, ఆక్రమణ జరిగిన భూమిని రెండేళ్ళ దాకా ఇన్‌స్పెక్షన్ చేయకూడదని రూల్ తెచ్చింది. అప్పట్నుంచి చాలాచోట్ల ఎస్టేటు లోపల కాకుండా రోడ్డు పక్కన డేరాలు వేయడం పెరిగింది.

డేరాల్లో నిజంగా ఎలా బతుకుతారు?

నల్ల ప్లాస్టిక్ పట్టా. మన దగ్గర కల్లంలో వడ్ల మీద కప్పేదే. నాలుగు కర్రలు పాతి ఆ పట్టా చుట్టేస్తే అదే ఇల్లు. మధ్యాహ్నం పన్నెండింటికి లోపల కూర్చోలేరు, నలుపు ఎండనంతా పీల్చుకుని కుంపటిలా కాలుతుంది, రాత్రి దక్షిణాది చలికి అదే పట్టా లోపలి వైపు చెమ్మ పట్టి దుప్పటి మీద బొట్లుబొట్లుగా కారుతుంది. గాలివాన వస్తే పట్టా పట్టుకుని నిలబడాల్సిందే. కొందరు ఇలా ఏడాది ఉంటారు, కొందరు ఐదేళ్ళు, పదేళ్ళు కూడా ఉన్నవాళ్ళున్నారు. ఇది గొప్పగా చెప్పుకునే విషయం అని నేను అనను, ఒక రాజ్యాంగ హక్కు కోసం పసిపిల్లలతో ప్లాస్టిక్ కింద ఏళ్ళకేళ్ళు గడపాల్సి రావడం ఘోరం.

కానీ ఈ ఉద్యమం అసలు బలం కూడా ఆ డేరాల్లోనే తయారవుతుంది. క్యాంపు మొదలైన మొదటి రోజుల్లోనే సుమారు పది కుటుంబాలకి ఒక గుంపు కడతారు. ఒక్కో గుంపుకి ఇద్దరు బాధ్యులు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. నీళ్ళెవరు చూస్తారు, కాపలా ఎవరు, జబ్బు చేస్తే ఎవరు, పిల్లల చదువెవరు చూస్తారు అని పని పంచుకుంటారు. బియ్యం, బీన్స్ వచ్చినా గుంపుల వారీగా పంపకం. తాగి గొడవ చేస్తే, పెళ్ళాన్ని కొడితే క్యాంపులో ఉండనివ్వరనే కట్టుబాట్లు అక్కడి మీటింగులోనే రాసుకుంటారు. అంతకుముందు ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, సగం మంది ఊరి కూలీలు, సగం మంది టౌను శివార్లలో పని దొరక్క తిరిగొచ్చినవాళ్ళు, ఏడాది తిరిగేసరికి కలిసి ఆఫీసు ముందు కూర్చోగలరు, కలిసి లెక్క రాయగలరు. మా అమ్మమ్మ ఊళ్ళో ఆ భూమి పట్టా దాచుకున్న ఇంటావిడకి లేనిది సరిగ్గా ఇదే. ఆవిడ తాసిల్దార్ ఆఫీసుకి ఒక్కతే వెళ్ళింది, బ్యాంకుకి ఒక్కతే వెళ్ళింది.

సరే భూమి వచ్చింది, బతుకు మారిందా?

మారింది. అన్నిచోట్లా ఒకేలా కాదు, కానీ మారింది. రకరకాల రాష్ట్రాల్లో సెటిల్మెంట్ల మీద (అంటే భూమి దక్కిన కుటుంబాలు ఒకచోట స్థిరపడిన ఊళ్ళు) బ్రెజిల్ పరిశోధకులు చేసిన ఇంటింటి సర్వేల్లో, ముందుకన్నా ఇప్పుడు మెరుగు అని చెప్పినవాళ్ళే ఎక్కువ. మొదట మారేది కంచం. పెరట్లో కసావా (కర్రపెండలం) దుంప, బీన్స్, కోళ్ళు, ఒక పంది, వీలైతే ఒక ఆవు. కొనే తిండి నుంచి పండించుకునే తిండికి రావడం డబ్బు లెక్కల్లో పెద్దగా కనపడదు, అందుకే ఆదాయం మాత్రమే చూసి వీళ్ళు ఇంకా పేదలే కదా అనేవాళ్ళు తప్పు లెక్క వేస్తారు. కూలి దొరకని నెలలో పొయ్యి వెలగదన్న భయం పోవడం ఎంత పెద్ద సంగతో కూలికెళ్ళే ఇంట్లో పుట్టినవాళ్ళని అడగండి.

రెండోది ఇల్లు. ప్లాస్టిక్ నుంచి చెక్క ఇల్లు, చెక్క నుంచి ఇటుక ఇల్లు, దీనికి ఇంక్రా నుంచి హౌసింగ్ క్రెడిట్ వస్తుంది. కరెంటు, రోడ్డు, బావి ఇవి మాత్రం వాటంతటవి రావు, సెటిల్మెంట్ వాళ్ళు మునిసిపాలిటీ చుట్టూ తిరిగి, ధర్నాలు చేసి తెచ్చుకున్నవే. కొన్నిచోట్ల భూమి వచ్చి ఆరేడేళ్ళైనా కరెంటు లేదు.

మూడోది నాకు బాగా నచ్చేది, చిరునామా. ఒక ఎస్టేట్ నుంచి ఇంకో ఎస్టేట్‌కి, సీజన్ని బట్టి మారే మనిషికి బడి ఉండదు, రేషన్ ఉండదు, ఓటు ఉన్నా ఎవడూ అడగడు. సెటిల్మెంట్లో 200 కుటుంబాలు ఒకచోట ఉంటే, పక్కనున్న చిన్న టౌనులో కిరాణా షాపు వాడి నుంచి మేయరు దాకా అందరికీ వాళ్ళతో పని పడుతుంది.

ఎంత భూమి ఇస్తారు?

ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా. దక్షిణాన కుటుంబానికి సుమారు 15, 20 హెక్టార్లు, అంటే 37 నుంచి 50 ఎకరాలు. మనకి అది దొరతనంలా అనిపిస్తుంది గానీ అక్కడి నేలలకీ యంత్రాల వ్యవసాయానికీ అది చిన్న కమతమే. అమెజాన్ వైపు ఇంకా పెద్ద ప్లాట్లు ఇస్తారు, కానీ అక్కడ మార్కెట్ దూరం, రోడ్డు బురద.

పండించింది ఎవరు కొంటారు? డబ్బు ఎక్కడ్నుంచి?

చిన్న రైతు ఒక్కడే వెళ్తే దళారి చెప్పిందే రేటు, అది అక్కడైనా ఇక్కడైనా ఒకటే. అందుకే మొదట్నుంచీ కోఆపరేటివ్‌ల మీద పడ్డారు. పాలు శాంటా కతరీనా రాష్ట్రంలో, చెరుకు నుంచి బెల్లప్పొడి, మద్యం తీసే సమష్టి కోఆపరేటివ్ పరానాలోని పరానసిటీలో 1993 నుంచి, కూరగాయ విత్తనాలు 1997 నుంచి "బియోనటూర్" అనే పేరుతో.

అన్నిట్లో పేరు మోసింది వరి. రియో గ్రాండే దో సూల్ రాజధాని పోర్టో అలెగ్రె సిటీ చుట్టుపక్కల, వియమావ్, నోవా శాంటా రీటా, ఎల్డొరాడో దో సూల్ ప్రాంతాల సెటిల్మెంట్లలో పల్లపు భూములు. మొదట్లో అందరిలాగే మందులు కొట్టి పండించారు, అప్పులు పెరిగాయి, మందు కొట్టినవాళ్ళకి జబ్బులొచ్చాయి. 1990ల చివర్లో కొన్ని కుటుంబాలు మందులు మానేసి ప్రయోగం చేశాయి. గింజల్ని నానబెట్టి మొలక కట్టించి నీళ్ళ మడిలో చల్లుతారు, తర్వాత మడిలో నీళ్ళ మట్టం పెంచుతూ తగ్గిస్తూ కలుపు లేవకుండా చూస్తారు. మన గోదావరి జిల్లాల్లో దమ్ము చేసి మొలక వడ్లు వెదజల్లినవాళ్ళెవరైనా ఇది ఫొటోలో చూస్తే గుర్తుపట్టేస్తారు. నీళ్ళు పంచుకోవాలి కాబట్టి ఒక్కడే చేయలేడు, కాలువ గేటు ఎప్పుడు ఎత్తాలో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఈరోజు లాటిన్ అమెరికాలో ఆర్గానిక్ బియ్యం అందరికన్నా ఎక్కువ పండించేది ఎంఎస్‌టీ రైతులే, "తెర్రా లీవ్రె" బ్రాండ్ మీద అమ్ముతారు. 2024 మేలో వచ్చిన వరదల్లో సరిగ్గా ఈ సెటిల్మెంట్లే మునిగిపోయాయి, ఇళ్ళు, గోదాములు, యంత్రాలు, పశువులు. చాలామందికి అది రెండోసారి సున్నా నుంచి మొదలుపెట్టడం.

మార్కెట్ విషయంలో ప్రభుత్వం చేసిన ఒక మంచి పని చెప్పాలి. 2003లో చిన్న రైతుల దగ్గర నేరుగా తిండి కొనే స్కీము వచ్చింది. 2009 చట్టంతో స్కూలు భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గరే కొనాలన్నారు, అందులో భూసంస్కరణ సెటిల్మెంట్లకీ ఆదివాసులకీ ప్రాధాన్యం. సెటిల్మెంట్ పిల్లాడు బడిలో తినే పాలకూర వాళ్ళ పక్కింటి చేలోది కావచ్చు, ఆ పక్కింటాయనకి నెలనెలా ఖాయంగా చెక్కు వస్తుంది. మన మధ్యాహ్న భోజనానికి ఇలాంటి రూల్ ఉండి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

చదువు సంగతేంటి?

డేరాలోనే బడి. క్యాంపు ఎక్కడికి కదిలితే బడి కూడా అక్కడికే కదిలే "సంచార బడులు" 1996లో రియో గ్రాండే దో సూల్‌లో అధికారికంగా గుర్తింపు తెచ్చుకున్నాయి. తర్వాత అక్కడి ప్రభుత్వమే మూసేసింది, పరానాలో మాత్రం నడిచాయి. 1998లో ప్రొనేరా అనే జాతీయ కార్యక్రమం వచ్చింది, సెటిల్మెంట్ జనానికి అక్షరాల దగ్గర్నుంచి యూనివర్సిటీ దాకా. 2007లో గోయాస్ ఫెడరల్ యూనివర్సిటీలో భూసంస్కరణ కుటుంబాల కోసం ప్రత్యేకంగా లా క్లాసు పెట్టారు, దాన్ని ఆపమని కోర్టుకెళ్ళినవాళ్ళున్నారు, అయినా ఆ బ్యాచ్ చదువు పూర్తిచేసింది. ప్లాస్టిక్ పట్టా కింద పెరిగిన పిల్లలు లాయర్లయ్యారు. క్యూబా వెళ్ళి డాక్టర్లై తిరిగొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. 2005లో సావ్ పావ్లో దగ్గర గ్వరరేమాలో సొంత స్కూలు కట్టుకున్నారు, ఇటుకలు అక్కడి మట్టితోనే, కట్టింది వంతులవారీగా వచ్చిన సెటిల్మెంట్ జనమే.

ఆడవాళ్ళకి ఏం మారింది?

1988 రాజ్యాంగమే పట్టా మగాడి పేరు మీదైనా, ఆడమనిషి పేరు మీదైనా, ఇద్దరి పేరు మీదైనా ఇవ్వొచ్చంది. కానీ ఆఫీసులో మాత్రం "ఇంటి యజమాని" అంటే భర్త పేరే రాసేవాళ్ళు. ఉద్యమంలోని ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి అడిగితే 2003 నుంచి జంటలకి ఇద్దరి పేర్లూ తప్పనిసరి చేశారు. మీటింగులకి ఆడవాళ్ళు రావాలంటే పిల్లల్ని ఎవరు చూడాలి అనేది ఇంకో సమస్య, అందుకే ప్రతి పెద్ద సభలో పిల్లల కోసం "సిరాండా" అని ఒక చోటు పెడతారు. వంటింట్లో పని ఇంకా ఆడవాళ్ళదే అని అక్కడి ఆడవాళ్ళే చెప్తారు, ఆ పోరాటం అవలేదు.

ఫెయిలైన సెటిల్మెంట్లు లేవా?

ఉన్నాయి, చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 1990ల్లో అందరూ కలిసి ఒకే చేను దున్నాలి, పని గంటల లెక్కన పంచుకోవాలి అని సమష్టి కోఆపరేటివ్‌లు పెట్టారు, వాటిలో చాలా విడిపోయాయి. సొంత చెక్క కోసం ఏళ్ళు ఎదురుచూసిన మనిషిని మళ్ళీ గంటలు లెక్కపెట్టి పనిచేయమంటే మనసొప్పదు, ఉద్యమం కూడా ఆ సంగతి నేర్చుకుని తర్వాత ట్రాక్టరు, గోదాము, అమ్మకం మాత్రం కలిసి అనే పద్ధతికి వచ్చింది. ఈశాన్యంలో పెర్నాంబుకో చెరుకు ప్రాంతంలో సెటిలైనవాళ్ళు చక్కెర రేటు పెరగగానే మళ్ళీ చెరుకుకే వెళ్ళారు, తరాలుగా తెలిసిన పని అదే మరి. దూరంగా, రాళ్ళ నేలల్లో, రోడ్డు లేకుండా ప్లాట్లు ఇచ్చిన చోట జనం వదిలేసి వెళ్ళిపోయారు, కొందరు లోపాయికారీగా అమ్మేసుకున్నారు కూడా. పదేళ్ళ దాకా అమ్మకూడదని రాజ్యాంగంలో ఉంది, మన అసైన్డ్ భూముల చట్టంలోనూ అమ్మకం మీద నిషేధం ఉన్నట్టే, కానీ ఆకలికి చట్టం తెలీదు. నేను గమనించినంతలో, పట్టణానికి దగ్గరగా ఉండి, డేరాల నాటి గుంపులు భూమి వచ్చాక కూడా చెదిరిపోకుండా ఉన్నచోటే బాగా నిలబడ్డారు.

ప్రాణాలు పోయాయా?

పోయాయి. 1996 ఏప్రిల్ 17న పరా రాష్ట్రంలో ఎల్డొరాడో దొస్ కరజాస్ దగ్గర రోడ్డు మీద ఊరేగింపుగా వెళ్తున్న భూమిలేని వాళ్ళ మీద మిలిటరీ పోలీసులు కాల్పులు జరిపారు, 19 మంది అక్కడే చనిపోయారు. ఏప్రిల్ 17ని ప్రపంచంలో చాలా రైతు సంఘాలు రైతు పోరాట దినంగా జరుపుకుంటున్నది అందుకే. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీకి వేల మంది రెండు నెలలు కాలినడకన నడిచి రాజధాని బ్రసీలియా చేరుకున్నారు.

మన తెలంగాణ, ఆంధ్ర అనుభవంతో పోల్చొచ్చా?

కొంతవరకే. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో జనం భూమి పంచుకున్నారు, 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో భూదానం మొదలైంది, 1973లో సీలింగు చట్టం వచ్చింది, తర్వాత అసైన్డ్ పట్టాలు. భూమి పంపకం అనేది మనకి కొత్త కాదు. తేడా ఎక్కడంటే మన దగ్గర పట్టా చేతిలో పెట్టి ఫొటో దిగి వెళ్ళిపోయారు, అక్కడ పట్టా తర్వాత లోను, బడి, విత్తనం, అమ్మకం కోసం కూడా అదే సంఘం కొట్లాడింది. ఇంకొకటి, మనకి కమతాలు చిన్నవి, పంచడానికి మిగిలింది తక్కువ, వాళ్ళ లెక్క యథాతథంగా ఇక్కడ కుదరదు. కానీ పోడు పట్టాలు వచ్చిన ఊళ్ళల్లో, అసైన్డ్ భూములున్న కాలనీల్లో, పది ఇళ్ళకి ఒక గుంపు కట్టి ఆఫీసుకి కలిసి వెళ్ళడానికి ఎకరాలతో పని లేదు.

ఇప్పుడు పరిస్థితి ఏంటి? పిల్లలకి భూమి ఎక్కడ్నుంచి వస్తుంది?

2019 నుంచి 2022 దాకా కొత్త సెటిల్మెంట్లు దాదాపు ఆగిపోయాయి. 2023లో పార్లమెంటులో ఎంఎస్‌టీ మీద విచారణ కమిటీ వేశారు, చివరికి రిపోర్టు మీద ఓటింగ్ కూడా జరగకుండానే అది ముగిసింది. 2024లో భూమి పంపకానికి కొత్త ప్రోగ్రాం ప్రకటించారు, కానీ డేరాల్లో ఇంకా వేల కుటుంబాలున్నాయి.

పిల్లల విషయం కష్టమైనదే. ప్లాటుని ఇష్టమొచ్చినట్టు ముక్కలు చేయడానికి రూల్స్ ఒప్పుకోవు, ఐదుగురు పిల్లలుంటే ఒకరే ఆ నేల మీద ఉండగలరు. మిగతావాళ్ళలో కొందరు టౌనుకి వెళ్తారు. కొందరు కోఆపరేటివ్‌లో, బడిలో ఉద్యోగం చూసుకుంటారు. ఇంకొందరు పెళ్ళి చేసుకుని, అమ్మానాన్నల ఇటుక ఇంట్లోంచి బయటికొచ్చి, రెండు సంచులు సర్దుకుని ఇంకో జిల్లాలో రోడ్డు పక్కన కొత్త క్యాంపులో నల్ల పట్టా కట్టుకుంటారు. పట్టా గాలికి లేవకుండా ఎలా బిగించి కట్టాలో అమ్మానాన్నల దగ్గరే నేర్చుకున్నారు.